ఫుట్‌బాల్ ఉస్తాద్ సయ్యద్ అబ్దుల్ రహీం

మన కళాశాల వార్షిక సంచికలో ఏటేటా ఒక మహనీయుని జీవితాన్ని స్మరించుకోవడం ఆచారంగా వస్తున్నది. ఇంతవరకు కవులను గూర్చి, దేశనాయకులను గూర్చి, విద్యాదాతలను గూర్చి చదువుకున్నాము. ఈసారి ఆ వరుసలో ఒక డ్రిల్లు మాస్టారును నిలబెడుతున్నందుకు పాలకవర్గ పెద్దలు కొంత ఆశ్చర్యపడవచ్చును. కాని ఆ డ్రిల్లు మాస్టారు పాఠశాల మైదానం నుండి బయలుదేరి ఒలింపిక్ క్రీడల సెమీఫైనలు దాకా భారతదేశాన్ని నడిపించినవాడు. ఆసియా క్రీడలలో రెండు పర్యాయాలు మన జట్టును అగ్రస్థానాన నిలిపినవాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు వారికి రహీం సాహెబు.

ఈ వ్యాసానికి కారణం ఒక విద్యార్థి ప్రశ్న. రహీం సాహెబు జీవితం ఆధారంగా 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం 2024లో విడుదలయింది. దానిని చూసి వచ్చిన మన విద్యార్థి ఒకడు మరునాడు తరగతి ముగిసిన పిదప నా వద్దకు వచ్చి, అటువంటి మనిషి నిజంగా ఉన్నాడా, ఉంటే మన పాఠ్యపుస్తకాలలో ఎందుకు కనబడడు అని అడిగాడు. మొదటి ప్రశ్నకు సమాధానం ఈ పుటలలో ఇవ్వబోతున్నాను. రెండవదానికి నా దగ్గర సమాధానం లేదు. విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివి వచ్చిన నేను సైతం ముప్పయ్యో ఏడు దాటే వరకు ఆయన పేరు వినలేదని ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను.

రహీం సాహెబు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. అంతకు ముందటి ఏడు సెప్టెంబరులో మూసీ నది పొంగి నగరాన్ని ముంచివేసింది. వేలకొలది ప్రాణాలు పోయాయి. ఆ విపత్తు తరువాత నగరాన్ని కొత్తగా తీర్చిదిద్దే పని ఆరంభమయింది. మూసీకి ఇరువైపులా హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ భవనాలు ఒక్కొక్కటిగా లేచాయి. బాలుడు రహీం పెరిగినది అట్లా తిరిగి కట్టుకుంటున్న నగరంలో.

ఆయనకు తొమ్మిదవ ఏడు నడుస్తుండగా, 1918లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉన్నత విద్య అంటే ఇంగ్లీషే అనుకొనే రోజులలో ఉర్దూ మాధ్యమంగా శాస్త్రాలను సైతం బోధించడానికి పూనుకున్న విద్యాసంస్థ అది. అందుకోసం ప్రత్యేకంగా అనువాద శాఖను నెలకొల్పి, గణితము, రసాయనము, తత్త్వము, చరిత్ర మొదలైన విషయాలపై గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చారు. సగం పుటలు ఉర్దూలోను, సగం తెలుగులోను వెలువడే మన సంచిక పాఠకులకు ఆ ప్రయత్నపు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. అయితే అన్నిటినీ అనువదించుకున్న ఆ విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్‌కు మాత్రం అనువాదం అవసరం రాలేదు. పక్కనే సికింద్రాబాదు కంటోన్మెంటు ఉన్నది. బ్రిటిషు పటాలాల సైనికులు సాయంకాలం బంతి ఆడుతుంటే చూచి నేర్చినవారు, వారితో తలపడి నేర్చినవారు నగరమంతటా ఉండేవారు. సైనికుల కాళ్ళకు బూట్లు. మనవారివి ఉత్త పాదాలు. బరువులో, ఎత్తులో వారితో పోటీ పడలేనివాడు బంతిని తన దగ్గర ఎక్కువసేపు ఉంచుకోకూడదు. తాకినంతనే సహచరునికి అందించి, ఖాళీ చోటికి పరుగెత్తాలి. హైదరాబాదు ఆటకు పేరు తెచ్చిన పొట్టి పాసుల పద్ధతికి ఈ అవసరమే మూలమని నా అభిప్రాయం.

రహీం సాహెబు ఉస్మానియా విద్యార్థిగా విశ్వవిద్యాలయ జట్టులో ఆడారు. ఇక్కడ విద్యార్థి జట్ల స్వభావాన్ని గూర్చి రెండు మాటలు చెప్పాలి. విశ్వవిద్యాలయ జట్టుకు ఒక పుట్టు లోపం ఉన్నది. ఆటగాడు పరిపక్వతకు వచ్చేసరికి పరీక్ష ప్యాసై వెళ్ళిపోతాడు. శిక్షకుడు మూడేళ్ళు చెమటోడ్చి నేర్పినదంతా ఒక ఏప్రిల్ నెలలో చేజారిపోతుంది. జూన్‌లో మళ్ళీ మొదటి పాఠం. మైదానం పనులు చూచే మన కళాశాల అధ్యాపకులకు ఈ బాధ తెలిసినదే. దీనికి ఆ కాలపు హైదరాబాదు విద్యార్థులు ఒక ఉపాయం కనిపెట్టారు. సిటీ కాలేజీ పూర్వ విద్యార్థులు, అప్పటి విద్యార్థులు ముఖ్యంగా కలిసి 'ఎలెవెన్ హంటర్స్' అనే జట్టును ఏర్పరచుకున్నారు. చదువు ముగిసినా ఆట ముగియకూడదన్నదే దాని ఉద్దేశం. రహీం సాహెబు ఆ జట్టులోనూ ఆడారు. తరువాత నగర లీగులో మేటిగా పేరున్న కమర్ క్లబ్బుకు ఆడారు. ఆటగాడిగా ఆయన నేర్పరి. కాని ఆటగాడిగానే మిగిలి ఉంటే ఈనాడు మనము ఆయనను తలచుకొని ఉండేవారము కాము.

జీవనోపాధికి ఆయన ఎన్నుకున్నది ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు - ఇవి ఆయన పనిచేసిన పాఠశాలలు. బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. శారీరక విద్యలో డిప్లొమా కూడా సంపాదించి, చివరి రెండు పాఠశాలలలో ఆటల బాధ్యతను స్వీకరించారు. ఉర్దూలో విద్యను గూర్చి మాట్లాడేటప్పుడు రెండు మాటలు జంటగా వస్తాయి: తాలీమ్, తర్బియత్. మొదటిది బోధన, రెండవది తీర్చిదిద్దడం. మొదటిది పుస్తకంతో సాధ్యమవుతుంది. రెండవదానికి పిల్లవానితో పాటు ఎండలో నిలబడవలసి ఉంటుంది. రహీం సాహెబు నిలబడ్డారు.

1940వ దశకం తొలి సంవత్సరాలలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆ బాధ్యతలో మరణించే వరకు కొనసాగారు. కార్యదర్శి అనగానే మనకు లెటర్‌ప్యాడు, రబ్బరు స్టాంపు గుర్తుకు వస్తాయి. ఆయన చేసిన పని వేరు. బడి పిల్లలకు, కుర్రవాళ్ళకు చిత్రమైన షరతులతో పోటీలు పెట్టారు. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలి. అంటే కుడి కాలి వాటం కలవాడు ఎడమ కాలితోనే ఆడాలి. ఇంకొక పోటీలో బంతిని కాళ్ళ మధ్య దొర్లించుకుంటూ ఒంటరిగా పోవడానికి వీలులేదు. అందిన వెంటనే వేరొకరికి అందించి తీరాలి. చూచేవారికి ఇవి వినోదాలు. నిజానికి ఇవి వ్యాకరణ అభ్యాసాల వంటివి. సంధి విడదీయమని ఒకసారి, సమాసం చెప్పమని ఒకసారి విద్యార్థికి ఇచ్చి, భాషలో ఏ భాగం బలహీనమో దానినే రుద్దిస్తాము కదా. ఆయన కాళ్ళకు అదే చేశారు. రెండు కాళ్ళూ సమానంగా పలికే ఆటగాణ్ణి అడ్డుకొనేవానికి అతడు ఎటు తిరుగుతాడో తెలియదు. ఒంటరి విన్యాసాలపై మోజు తగ్గిన జట్టులో పదకొండు మందికీ బంతి అందుతుంది.

1950లో ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. అప్పటికే బలంగా ఉన్న జట్టు అది. ఆయన చేతికి వచ్చాక సాధించిన విజయాలకు సాటి తరువాతి కాలంలోనూ అరుదు. బొంబాయిలో 1891 నుండి జరుగుతూ వచ్చిన రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేళ్ళు ఆ జట్టే గెలుచుకున్నది. స్వాతంత్ర్యానంతరం 1950లో మళ్ళీ ఆరంభమైన డ్యూరాండ్ కప్పు ఫైనలులో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. ఫుట్‌బాల్ అంటే వంగదేశమే అన్న అభిప్రాయం ఆ రోజుతో సడలింది. పోలీసు చర్య ముగిసి రెండేళ్ళు మాత్రమే గడచిన హైదరాబాదుకు, ముఖ్యంగా దిగులులో ఉన్న పాతనగరపు ముస్లిం కుటుంబాలకు, ఆ కప్పు ఎంత ఊరట కలిగించి ఉంటుందో ఊహించుకోవలసిందే. ఒకే జట్టులో హిందువు, ముస్లిం, క్రైస్తవుడు భుజం భుజం కలిపి ఆడుతూ ఢిల్లీ నుండి కప్పు పట్టుకొని వచ్చారు. చరిత్ర గ్రంథాలు 1948ని గూర్చి పుటలకు పుటలు రాశాయి. 1950 నాటి ఈ సంతోషానికి ఒక పంక్తి కూడా కేటాయించకపోవడం నాకు లోటుగా తోస్తుంది.

అదే కాలంలో భారత జట్టు శిక్షణ కూడా ఆయనకు అప్పగించబడింది. 1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఇండోనేషియాను, ఆఫ్ఘనిస్తాన్‌ను చెరి 3-0తో ఓడించి, మార్చి 10న ఫైనలులో ఇరాన్‌ను మేవాలాల్ కొట్టిన ఏకైక గోలుతో గెలిచి మనవారు స్వర్ణం పొందారు. శైలేన్ మన్నా నాయకుడు.

ఆ మరుసటి ఏడు జరిగిన దానిని నేను కొంచెం నిదానంగా చెప్పదలచాను. ఎందుకంటే గురువు గొప్పదనం శిష్యులు గెలిచిన రోజున కాదు, చిత్తుగా ఓడిన రోజున తెలుస్తుంది. 1952 జులై 15న హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియాతో ఆడి 10-1 తేడాతో ఓడిపోయింది. ఉత్తర ఐరోపా చలిలో మనవారు అనేకులు వట్టి కాళ్ళతో దిగారు. అవతలివారు ఆ ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన మేటి జట్టు. దేశంలో పత్రికలు దుమ్మెత్తి పోశాయి. ఓటమికి కారణాలు వెదకడం సులభం. చలి అనవచ్చు, అదృష్టం అనవచ్చు. రహీం సాహెబు ఆటలోని కారణాలను వెదికారు. బూట్లు లేకపోవడం ఒకటి. ఆ తరువాత ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. మన దేశంలో అప్పటి పోటీలు 70 నిమిషాలకే ముగిసేవి, అంతర్జాతీయ పోటీలు 90 నిమిషాలు. ఇంటి దగ్గర డెబ్బై నిమిషాలకు అలవాటుపడిన ఊపిరి మిగిలిన ఇరవై నిమిషాలలో ఏమి చేస్తుంది? పరీక్షలో రెండు గంటల పేపరుకు తయారైన విద్యార్థికి మూడు గంటల పేపరు ఇచ్చినట్లు. అందుచేత ఊపిరిని పెంచే సాధన, రెండు కాళ్ళ సాధన, ఒక్క తాకుడుతో బంతిని అందించే సాధన ఆయన శిబిరాలలో నిత్యకృత్యాలయ్యాయి.

ఆట నిలబెట్టే తీరును కూడా ఆయన మార్చారు. ఆనాటి పద్ధతిలో సెంటర్ ఫార్వర్డ్ అందరికంటే ముందు నిలిచి ఉండేవాడు. అతణ్ణి కాపు కాయడానికి ఎదుటి జట్టులో ఒకడు ఎప్పుడూ సిద్ధం. ఆ సెంటర్ ఫార్వర్డును వెనక్కు లాగితే ఏమవుతుంది? కాపు కాసేవాడు అతని వెంట ముందుకు వస్తే వెనుక ఖాళీ ఏర్పడుతుంది. రాకపోతే ఇతడు ఎవరి అడ్డూ లేకుండా బంతిని పంచుతాడు. 1953 నవంబరులో హంగరీ జట్టు ఈ ఎత్తుతోనే ఇంగ్లండును వారి వెంబ్లీ మైదానంలోనే 6-3తో ఓడించి ప్రపంచాన్ని నివ్వెరపరచింది. రహీం సాహెబు కూడా ఆ కాలంలోనే ఈ దారి పట్టారు. టెలివిజను లేదు; విదేశీ పోటీలను చూచే అవకాశం బహు తక్కువ. చూచిన కొద్దిపాటి ఆటలనుండి, చదివిన కొద్దిపాటి పుస్తకాలనుండి ఆయన ఈ ఆలోచనలను పట్టుకొని, కుర్రవాళ్ళకు అర్థమయ్యే మాటలలో చెప్పగలిగారు. ఉపాధ్యాయ వృత్తి నేర్పిన విద్య అది.

ఆయన కుర్రవాళ్ళు ఎటువంటి ఇండ్లనుండి వచ్చినవారో తెలుసుకోవడానికి ఒక్క తులసీదాస్ బలరాం ఉదాహరణ చాలును. సికింద్రాబాదు సమీపాన అమ్ముగూడలో పుట్టిన బీద తమిళ కుటుంబపు బాలుడు. బూట్లు కొనే స్తోమత లేక చెప్పులు కుట్టేవాని దగ్గర పాత పోలీసు బూట్లనుండి జత తయారు చేయించుకున్నాడట. అతని ఆట చూచి రహీం సాహెబు నగరంలోని శిబిరానికి రమ్మన్నారు. అంత దూరం రోజూ రావడానికి డబ్బులు లేవని బలరాం చెప్పుకోగా, అద్దె సైకిలుకు రూపాయి తానే ఇచ్చారు. ఈ సంగతిని పెద్దవాడైన తరువాత బలరామే చెప్పుకొనేవాడు. ఆ సైకిలు మీద వచ్చిన బాలుడు ఇరవయ్యో ఏట ఒలింపిక్ ఆటగాడయ్యాడు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మన నెల్లూరు జిల్లా, హైదరాబాదు నగరం మొదటిసారి ఒకే రాష్ట్రంలో చేరాయి. మూడు వారాలు తిరిగే సరికి మెల్బోర్న్‌లో ఒలింపిక్ క్రీడలు మొదలయ్యాయి. భారత జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాదు వీధుల పిల్లలు పలువురు ఉన్నారు. వారంతా ఏదో ఒక దశలో రహీం సాహెబు చేతి కింద ఆడినవారే. వంగదేశపు సమర్ బెనర్జీ నాయకుడు. బొంబాయి నెవిల్ డిసౌజా ముందు వరుస మొనగాడు.

హంగరీ జట్టు పోటీనుండి తప్పుకున్నందున మొదటి మెట్టు ఆడకుండానే దాటారు. డిసెంబరు 1న ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. దానితో ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశమయింది మనది. సెమీఫైనలులో ఎదురైనది మళ్ళీ యుగోస్లావియా! మొదటి గోలు మనవారిదే. తరువాత యుగోస్లావియా నాలుగు కొట్టి 4-1తో గెలిచింది. మూడవ స్థానపు పోటీలో బల్గేరియా 3-0తో గెలవగా మనకు నాలుగవ స్థానం దక్కింది. పతకం రాలేదు. కాని నాలుగేళ్ళ క్రితం పది గోళ్ళు కొట్టిన జట్టుపై, రెండుసార్లూ రజతం గెలిచిన జట్టుపై, మనవారు కొంతసేపైనా ఆధిక్యంలో నిలిచారు. హెల్సింకీకి, మెల్బోర్న్‌కు మధ్య ఉన్న ఆ దూరమే రహీం సాహెబు చేసిన పని. ఆ స్థాయిని భారత ఫుట్‌బాల్ మళ్ళీ అందుకోలేదు.

1956-57, 1957-58 సంవత్సరాలలో హైదరాబాదు జట్టు వరుసగా సంతోష్ ట్రోఫీ గెలుచుకున్నది. ఒకవైపు బడి, మరొకవైపు పోలీసు జట్టు, ఇంకొకవైపు సంఘం పని, వీటన్నిటి మీద దేశ జట్టు శిబిరాలు. ఆయన ఎట్లా నెగ్గుకువచ్చారో గాని, 1960 రోమ్ ఒలింపిక్స్‌కు పి.కె. బెనర్జీ నాయకత్వాన వెళ్ళిన జట్టుకూ ఆయనే శిక్షకులు. హంగరీతో 2-1తో ఓడినారు. ఫ్రాన్సుతో 1-1తో సమంగా నిలిచారు. పెరూతో 3-1తో ఓడినారు. ఆ జట్టులో ఆయన కుమారుడు ఎస్.ఎస్. హకీం కూడా సభ్యుడు. ఒక్క పోటీలోనూ హకీంను బరిలోనికి దించలేదన్నది గమనార్హం.

ఇక 1962. ఆసియా క్రీడలు జకార్తాలో జరిగాయి. అప్పటికే రహీం సాహెబు ఊపిరితిత్తులలో క్యాన్సర్ వ్యాధి చేరింది. సిగరెట్టు అలవాటు ఆయనకు బాగా ఉండేది. విద్యార్థులు చదివే పత్రికలో ఈ మాటను దాచడం న్యాయం కాదని రాస్తున్నాను. దగ్గుతూనే ఆయన శిబిరం నడిపారు, దగ్గుతూనే జట్టుతో బయలుదేరారు.

జకార్తాలో మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరువాత థాయ్‌లాండ్‌పై 4-1తో గెలుపు. ఆ పోటీలో వెనుక వరుసకు కోటగోడ వంటి జర్నెయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అటుపిమ్మట జపాన్‌పై 2-0. సెమీఫైనలు దక్షిణ వియత్నాంతో. ఇక్కడ రహీం సాహెబు చేసిన నిర్ణయం ఈ వ్యాసానికి ఆయువుపట్టు వంటిది. తలకు కట్టు ఉన్న జర్నెయిల్ సింగ్‌ను వెనుకనుండి తీసి సెంటర్ ఫార్వర్డుగా ముందు నిలబెట్టారు. చూచినవారికి అది సాహసం. రహీం సాహెబుకు మాత్రం ఒక సంగతి తెలుసు. పంజాబులో మాహిల్‌పూర్ ఖాల్సా కళాశాలలో చదువుకొనే రోజులలో జర్నెయిల్ ముందు వరుస ఆటగాడు. కళాశాల జట్టులో ఎన్నడో ఆడిన ఆటను ఆటగాడు మరచిపోయినా ఆ గురువు మరువలేదు. సెమీఫైనలులో చునీ గోస్వామి రెండు, జర్నెయిల్ ఒకటి కొట్టగా 3-2తో గెలిచాము.

ఫైనలు నాటికి ఊరి వాతావరణం చెడిపోయింది. ఇజ్రాయిల్, తైవాన్ దేశాలను ఇండోనేషియా రానీయలేదు. అందువలన వీటిని ఆసియా క్రీడలనరాదని భారతీయుడైన జి.డి. సోంధీ క్రీడా సమాఖ్యలో వాదించారు. దానితో జకార్తాలో భారతీయులపై ఆగ్రహం రేగి, మన రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. తలపాగా చూచి గుర్తుపడతారని జర్నెయిల్‌ను బస్సులో కిటికీ కంటే కిందికి కూర్చోబెట్టి తీసుకువెళ్ళారని చెప్పుకుంటారు. సెప్టెంబరు 4న సెనయాన్ స్టేడియంలో సుమారు లక్షమంది మన జట్టును ఈసడిస్తూ అరుస్తున్నారు. మన జాతీయగీతం కూడా వినబడలేదట. ఆ లక్షమందిలో మనకోసం చప్పట్లు కొట్టిన చిన్న గుంపు ఒకటి ఉన్నదని మన ఆటగాళ్ళు తరువాత చెప్పుకొనేవారు. వారు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు! ఆ క్రీడలలోనే మన హాకీ జట్టును ఫైనలులో ఓడించి స్వర్ణం గెలిచినవారు.

అంతకు ముందటి రాత్రి నిద్రపట్టని ఆటగాళ్ళను వెంటబెట్టుకొని రహీం సాహెబు జకార్తా వీధులలో చాలాసేపు నడిచారు. రేపు నాకు ఒక స్వర్ణాన్ని కానుకగా ఇవ్వండని కోరారట. జ్వరపడి లేచిన పీటర్ తంగరాజును, అతని ఎత్తు అక్కరకు వస్తుందని, గోలు కాయడానికి నిలిపారు. తంగరాజు కూడా హైదరాబాదులో పుట్టినవాడే. మొదటి ఇరవై నిమిషాలలో పి.కె. బెనర్జీ ఒకటి, జర్నెయిల్ సింగ్ ఒకటి కొట్టారు. చివరి నిమిషాలలో కొరియా ఒక గోలు తిరిగి కొట్టింది. 2-1. మొదటి పోటీలో తమను ఓడించిన జట్టును ఓడించి మనవారు స్వర్ణం గెలిచారు. గెలిచినవారిలో సర్దార్జీ ఉన్నాడు, బెంగాలీ ఉన్నాడు, గోవా క్రైస్తవుడు ఉన్నాడు, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ ఉన్నాడు, అద్దె సైకిలు బలరాం ఉన్నాడు.

తొమ్మిది నెలలు గడచాయి. 1963 జూన్ 11న రహీం సాహెబు కన్నుమూశారు. యాభై నాలుగో ఏడు నిండలేదు. బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో ఆ ఏడే ఆట మానవలసి వచ్చింది. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని ఏర్పడలేదు. అప్పటికి ఈ ద్రోణుడు పోయి ఇరవై రెండేళ్ళు. ఆయన శిష్యపరంపర వెంటనే ఆగిపోలేదు. 1970లో బ్యాంకాక్‌లో ఆసియా కాంస్యం గెలిచిన జట్టుకు నాయకుడు హైదరాబాదు సయ్యద్ నయీముద్దీన్. ఆ తరువాత ఆసియా క్రీడలలో భారతదేశానికి ఫుట్‌బాల్ పతకం రాలేదు. తండ్రి దారిలో ఉపదేశకుడై, అంతర్జాతీయ రెఫరీగా కూడా పేరు గడించిన హకీం 2021 ఆగస్టులో మరణించారు. బలరాం 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

పాలకవర్గ పెద్దలకు ఒక్క విన్నపం. మన కాలపట్టికలో శనివారం నాటి ఆటల గంటను పోటీ పరీక్షల శిక్షణకు మార్చాలన్న ప్రతిపాదన ఉన్నదని విన్నాను. శిక్షణ అవసరమే, నేనూ అందులో పాఠం చెబుతున్నాను. దానికి వేరొక గంట వెదుకుదాము.

ఈ వ్యాసం రాస్తున్న రోజులలో మన పిల్లలచేత రహీం సాహెబు పద్ధతిలో ఒక పోటీ ఆడించి చూచాను. అల్లూరు చుట్టూ కోతలు ముగిసి పొలాలు ఎండి ఉన్నాయి. వెదురు గడలు పాతి గోళ్ళు చేసుకున్నారు. బలహీనమైన కాలితోనే తన్నాలన్నది షరతు. ఉర్దూ అధ్యాపకులు ఈల పట్టుకున్నారు. మొదటి పావుగంట బంతి కంటే మనుషులే ఎక్కువగా పడ్డారు. గట్టు మీద నిలబడిన పెద్దలు కడుపుబ్బ నవ్వుకున్నారు. అరగంటకు గాని రెండు పాసులు వరుసగా కుదరలేదు. ఇంతలో రెండవ సంవత్సరం కుర్రవాడొకడు ఎడమ కాలితో బ్రహ్మాండమైన గోలు కొట్టి చేతులెత్తాడు. అధ్యాపకులు ఈల వేసి గోలు చెల్లదన్నారు. ఎందుకు చెల్లదని జట్టంతా మీదికి వచ్చింది. వాడు పుట్టుకతోనే ఎడమ వాటం వాడట. వాడు కుడి కాలితో కొట్టాలట. ఆ తగవు మగ్రిబ్ అజాన్ వినబడే దాకా తెగలేదు. శనివారం మళ్ళీ ఆడి తేల్చుకుంటామని బంతి తీసుకొని వెళ్ళిపోయారు.